టూరింగ్ బైకుకు బయట కొన్న క్రాష్ గార్డ్ బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నల్లగొండ, పాలమూరు రోడ్లకు క్రాష్ గార్డ్ నిజంగా అవసరమా?

క్రాష్ గార్డ్ అంటే బండి పడినప్పుడు ఇంజిన్‌కు దెబ్బ తగలకుండా రెండు పక్కలా బిగించే ఇనుప పైపుల చట్రం. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా విజయవాడ హైవే మీద ఒకే తీరుగా పోయి వచ్చేవాళ్లకు దాంతో పెద్దగా పని పడదు. హైవే దిగినప్పుడే దాని అవసరం తెలిసొస్తుంది. యాసంగి కోతల్లో మిర్యాలగూడ, హాలియా వైపు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. ముందు చక్రం గింజల మీద ఉండగా బ్రేకు పట్టారంటే బండి పక్కకు పోయినట్టే. నాట్ల రోజుల్లో ట్రాక్టర్ల కేజ్‌వీల్స్ పొలం బురదనంతా తారు మీదికి తెచ్చిపెడతాయి. మన్ననూర్ దాటి నల్లమల ఎక్కితే మలుపుల్లో ఇసుక ఉంటుంది. వీటన్నిటికంటే ఎక్కువగా జరిగేది మాత్రం నిలబెట్టిన బండి పడిపోవడం. వాన కురిసిన నల్లరేగడిలో సైడ్ స్టాండు దిగబడితే, 196 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450ని పక్కన ఉన్న మనిషి ఆపలేడు.

ఇట్లాంటి చిన్న పడిపోవడాల్లోనే రేడియేటరుకు చిల్లు పడుతుంది, ఇంజిన్ పక్క కవరు పగులుతుంది, ట్యాంకు సొట్ట పోతుంది. కూలెంట్ కారిపోయిన బండితో అడవిలోంచి బయటికి రాలేరు. గార్డ్ పెట్టించుకునేది బండి నడుపుకుంటూ ఇంటికి చేరడం కోసం.

కాలు విరగకుండా కాపాడుతుందా?

అమ్మేవాళ్లు చెప్పినంతగా కాపాడదు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను స్థలానికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. క్రాష్ బార్ల (క్రాష్ గార్డుల) వల్ల చీలమండ, పాదం గాయాలు తగ్గినా, ఆ మేరకు తొడ, మోకాలు, పిక్క గాయాలు పెరిగాయని అందులో తేలింది. బండి పక్కకు పడి నిలిచిపోతే కాలికి కాస్త సందు దొరుకుతుంది, అంతవరకు మేలే. ఎదురుగా వచ్చే వాహనాన్ని గుద్దితే మాత్రం గార్డ్ మీద ఆశ పెట్టుకోవద్దు. కాలికి కావాల్సింది చీలమండ కప్పే బూటు, మోకాలి గార్డు. డబ్బు ఒకదానికే సరిపోతుందంటే ముందు బూట్లు కొనండి.

ఎన్ని చోట్ల బిగేది తీసుకోవాలి?

కొనేటప్పుడు అందరూ పైపు లావు చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది గార్డ్ బండికి ఎక్కడ పట్టుకుంటుందో. పడినప్పుడు తగిలే దెబ్బ పైపులోంచి బోల్టుకు, బోల్టులోంచి ఫ్రేముకో ఇంజినుకో పోతుంది. ఒక్కో పక్క కనీసం మూడు చోట్ల బిగి ఉండాలి. వాటిలో రెండన్నా ఫ్రేము ట్యూబు మీదో, ఫ్రేమును ఇంజినును కలిపే పెద్ద బోల్టుల దగ్గరో ఉండాలి. ఎడమ, కుడి గార్డులను ఇంజిన్ ముందు నుంచి కలిపే అడ్డ పైపు ఉంటే ఇంకా మంచిది, ఒక పక్క పడ్డ దెబ్బను రెండో పక్క కూడా పంచుకుంటుంది.

ఒక్క బోల్టు మీద, అదీ ఇంజిన్ అల్యూమినియం కేసులోకి పోయే బోల్టు మీద వేలాడే గార్డ్ ఎంత లావున్నా వద్దు. అది పొడుగాటి మీటలా పనిచేసి, పడ్డప్పుడు తాను బాగానే ఉండి కేసును చీలుస్తుంది. గార్డ్ వంగితే మార్చుకోవచ్చు. ఇంజిన్ కేసు పగిలితే మొత్తం ఇంజిన్ విప్పాలి.

పైపు సైజు ఎంత ఉండాలి? ఎట్లా పసిగట్టాలి?

బజారులో 22 మి.మీ., 25.4 మి.మీ. బయటి వ్యాసంతో ఎక్కువ దొరుకుతాయి. గోడ మందం 2 మి.మీ. ఉండాలి. అదే మందంతో 25.4 పైపు 22 పైపు కంటే బరువులో 17 శాతమే ఎక్కువ, వంగకుండా నిలబడే బిగువులో (స్టిఫ్‌నెస్) మాత్రం దాదాపు 60 శాతం ఎక్కువ. 160–200 కిలోల బండికి 25.4 తీసుకోండి. అంతకంటే తేలిక బండికి 22 సరిపోతుంది.

మందం విషయంలో మోసం మామూలే. బిల్లులో 2 అని రాసి 1.6 పంపుతారు. దాన్ని తూకంతో పట్టేయొచ్చు. 25.4 వ్యాసం, 2 మి.మీ. గోడ ఉన్న ఉక్కు పైపు మీటరుకు సుమారు 1.15 కిలోలు, 1.6 మి.మీ. అయితే 0.94 కిలోలు. దర్జీ టేపుతో పైపు మొత్తం పొడవు కొలిచి, తూకం వేసి, బిగింపు ప్లేట్లకు అరకిలో దాకా తీసేసి లెక్క కట్టండి.

ఇంకో రెండు చూడండి. వంపుల దగ్గర పైపు లోపలివైపు ముడతలు పడి ఉంటే ఆ చోటే మొదట మడతపడుతుంది. ఒక పైపు ఇంకో పైపును తాకే చోట వెల్డింగ్ చుట్టూరా ఉండాలి. రెండు వైపులా చుక్కలు పెట్టి పైన రంగు కొట్టినవి మొదటి పడిపోవడానికే ఊడతాయి.

స్టెయిన్‌లెస్ మంచిదా, మామూలు ఇనుమా?

మామూలు ఇనుము, పౌడర్ కోటింగ్ చాలు. గీత పడ్డ చోట తుడిచి రంగు పూస్తే సరి. తుప్పు ఎక్కువగా లోపలి నుంచి వస్తుంది కాబట్టి, పైపు చివర్లకు మూతలు ఉండాలి, అడుగున నీళ్లు కారడానికి 3–4 మి.మీ. బెజ్జం ఉండాలి. మూత ఉండి బెజ్జం లేకపోతే బండి కడిగిన నీళ్లు లోపలే ఉండిపోతాయి. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు కానీ ధర ఎక్కువ, వంగితే ఊళ్లో సరిచేసేవాళ్లూ తక్కువ.

హిమాలయన్ 411 గార్డ్ 450కి పడుతుందా?

పడదు. ఫ్రేము, ఇంజిన్ రెండూ వేరు. 411కి ట్యాంకు ముందు కంపెనీయే ఇచ్చిన ఫ్రేములను చాలామంది క్రాష్ గార్డ్ అనుకుంటారు. అవి క్యాన్లు, సామాను కట్టుకోవడానికి ఇచ్చినవి, బండి బరువు మోయడానికి కాదు. ఏ బండికైనా మోడల్ పేరు ఒక్కటే చెప్పి కొనొద్దు. తయారైన సంవత్సరం, బీఎస్4, బీఎస్6 ఏదో కూడా చెప్పండి. సైలెన్సర్ పైపు దారి, హారన్ స్థానం మధ్యలో మారిన మోడళ్లు ఉన్నాయి.

బిగించడానికి ఏమేం సామాను కావాలి?

10, 12, 13, 14, 17 నంబర్ల సాకెట్లు, రింగ్ పానాలు, 5, 6, 8 ఎలెన్ కీలు, రబ్బరు సుత్తి, చిన్న జాకీ, దాని మీద పెట్టడానికి చెక్క ముక్క, నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు), 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల దాకా చూపే టార్క్ రెంచి (ఎంత బిగి పడుతుందో చూపే పానా). ఇద్దరుంటే గంటన్నర పని. ఇంపాక్ట్ గన్ మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. పాత నట్లు విప్పడానికి పర్వాలేదు, బిగించడానికి అస్సలు వద్దు.

ఇంజిన్ బోల్టు తీస్తే ఇంజిన్ కింద పడిపోదా? ఎట్లా చేయాలి?

ఎక్కువ మంది భయపడేది ఇక్కడే. భయపడాల్సిన చోటు కూడా ఇదే. ఇంజినే ఫ్రేములో ఒక భాగంగా మోత మోసే బండ్లలో ఇంకా జాగ్రత్త కావాలి.

బండిని ముందురోజే కడిగి ఆరనివ్వండి. మట్టి ఉండగా విప్పితే అది చూడీల్లోకి (బోల్టు మరల్లోకి) పోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేయండి, లేకపోతే వెనక చక్రాన్ని లేపే ప్యాడాక్ స్టాండు మీద నిలబెట్టి ముందు చక్రానికి అటూ ఇటూ రాయి ఆనించండి. ఇంజిన్ అడుగును కాపాడే బ్యాష్ ప్లేట్ అదే బోల్టులను వాడుకుంటుంటే ముందు దాన్ని దించండి. ఇంజిన్ కింద చెక్క పెట్టి జాకీని అది ఆనేదాకే లేపండి. చెక్క ఇంజిన్‌ను తాకి, చేత్తో లాగితే కదలకుండా ఉంటే చాలు. బండి లేచేంత లేపితే బోల్టు మీద ఒత్తిడి ఇంకో వైపు నుంచి పడి, అది అసలే రాదు.

ఒక్కసారికి ఒక్క బోల్టే తీయాలి. పొడుగు బోల్టయితే అవతలి నట్టు విప్పి, అదే లావున్న ఇనుప కడ్డీతో వెనక నుంచి తోసుకుంటూ రండి. పాత బోల్టు బయటికి వచ్చేకొద్దీ ఆ కడ్డీ రంధ్రంలో నిలిచి ఇంజిన్‌ను కదలనివ్వదు. గార్డ్ ప్లేటు పెట్టి, కొత్త పొడుగు బోల్టుతో ఆ కడ్డీని తిరిగి వెనక్కి తోయండి. బోల్టు చేత్తో జారకపోతే సుత్తితో కొట్టొద్దు, జాకీని వెంట్రుకవాసి పైకో కిందికో జరిపి చూడండి. సరైన ఎత్తు దగ్గర దానంతటదే లోపలికి జారుతుంది.

అన్ని బోల్టులనూ మొదట మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి. పానా పెట్టేది అన్నీ ఎక్కాకే. తర్వాత ఫ్రేముకు, ఇంజిన్‌కు పట్టే పెద్ద బోల్టులు సగం బిగి, ఆ తర్వాత చిన్నవి, చివరకు ఎడమ కుడి పైపులను కలిపే జాయింటు. ఆ జాయింటును ముందే బిగిస్తే మిగతా రంధ్రాలన్నీ తప్పుతాయి. రెండో చుట్టులో ఇదే వరుసలో టార్క్ రెంచితో పూర్తి బిగి ఇవ్వండి.

రంధ్రాలు 3–4 మి.మీ. తేడాగా కూర్చుంటున్నాయి. బలంగా లాగి బిగించేయొచ్చా?

వద్దు. ముందు అన్నీ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి, చాలాసార్లు అంతటితో తీరిపోతుంది. తీరకపోతే స్పేసర్లు (సందు నింపే గొట్టపు ముక్కలు) చూడండి. కిట్లలో రెండు పొడవుల స్పేసర్లు వస్తాయి, ఎడమది కుడికి పెడితే సరిగ్గా ఈ తేడానే వస్తుంది. అవీ సరిగ్గా ఉంటే గార్డ్ తయారీలోనే వెల్డింగ్ వేడికి గుంజుకుపోయి ఉంటుంది. 1–2 మి.మీ. అయితే గార్డ్ ప్లేటు రంధ్రాన్ని రౌండ్ ఫైలుతో సాగదీయండి, బండి ఫ్రేము రంధ్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అంతకు మించితే వాపసు ఇవ్వండి. లాగి బిగించిన గార్డ్ ఎప్పుడూ స్ప్రింగులా గుంజుతూనే ఉంటుంది. రెండు నెలల తర్వాత వెల్డింగ్ దగ్గరో, బోల్టు మెడ దగ్గరో చీలిక వస్తుంది. దానికి రోడ్డునో మెకానిక్‌నో తిట్టుకుంటారు.

బోల్టు పొడవు, గ్రేడు సంగతేంటి?

గార్డ్ ప్లేటు మందం 5 మి.మీ. అయితే బోల్టు కూడా పాతదానికంటే 5 మి.మీ. పొడుగుండాలి. కిట్‌లో పొట్టి బోల్టులు వస్తే నాలుగు చుట్లే పట్టి ఊరుకుంటాయి. అల్యూమినియంలోకి పోయే బోల్టు తన లావుకు ఒకటిన్నర రెట్లు లోపలికి దిగాలి. అంటే ఎం8 (8 మి.మీ. లావు) బోల్టుకు 12 మి.మీ. మరీ పొడుగైనా ప్రమాదమే. మూసుకుపోయిన రంధ్రంలో బోల్టు అడుగున తగిలి బిగిసినట్టే అనిపిస్తుంది, గార్డ్ మాత్రం వదులుగానే ఉంటుంది. పెన్ను రీఫిల్‌ను రంధ్రంలో దించి లోతు గుర్తుపెట్టుకుని బోల్టు పక్కన పెట్టి చూడండి.

బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 అనో 10.9 అనో గ్రేడు ముద్ర ఉండాలి. తీసిన పాత బోల్టు మీద 10.9 ఉంటే పెట్టేది కూడా అదే ఉండాలి. మెరుస్తుందని స్టెయిన్‌లెస్ బోల్టు పెట్టేవాళ్లున్నారు. మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 కంటే బలం తక్కువది, ఇంజిన్ మౌంటుకు పనికిరాదు. ఎం10లో 1.25, 1.5 అని రెండు పిచ్‌లు (చూడీల మధ్య దూరాలు) ఉంటాయి, పాత బోల్టును వెంట తీసుకెళ్లి పోల్చండి. ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి.

ఎంత బిగి ఇవ్వాలి?

మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెదే పైచేయి. అది దొరకనప్పుడు, 8.8 గ్రేడు బోల్టు ఉక్కు నట్టులోకి పోతుంటే ఎం6కు 10, ఎం8కు 24–25, ఎం10కు 45 న్యూటన్ మీటర్లు. అల్యూమినియంలోకి అయితే ఇంకాస్త తగ్గించండి. టార్క్ రెంచి లేకపోతే, 20 సెం.మీ. పానా చివర 12–13 కిలోల లాగుడు ఇస్తే దాదాపు 25 వస్తుంది. చేపల కాంటా తగిలించి లాగితే తెలుస్తుంది, చూసేవాళ్లు నవ్వినా లెక్క మాత్రం తప్పదు. చూడీలకు గ్రీజు పూస్తే అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి పొడిగా ఉంచండి లేదా నీలం లాకర్ రెండు చుక్కలు వేయండి. ఎర్ర లాకర్ వద్దు. వేడి చేస్తే తప్ప ఊడదు.

చూడీలు పోయాయి. ఇప్పుడేం చేయాలి?

ఇంకా తిప్పకుండా అక్కడే ఆపండి. పెద్ద బోల్టు ఎక్కించి కొత్తగా కోయమని చెప్పే సలహా వినొద్దు. హెలికాయిల్ వేయించండి. పాత చూడీలు కోసేసి, దాని ట్యాపుతో మళ్లీ కోసి, స్టీలు చుట్ట ఎక్కిస్తారు. బోల్టు సైజు అదే ఉంటుంది, అల్యూమినియం కంటే గట్టిగా పడుతుంది. లేత్ షాపులో చేస్తారు. మీ సైజు కాయిల్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.

బిగించాక ఏమేం సరిచూడాలి?

హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. క్లచ్ వైరు, బ్రేకు పైపు ఎక్కడా నలగొద్దు. గేరు లివరు పైకి కిందికి పూర్తిగా కదలాలి, బూటు వేసుకుని మరీ చూడండి. సైడ్ స్టాండు, వెనక బ్రేకు పెడల్ తగలొద్దు. ముందు మడ్‌గార్డ్ పైకి లేచినప్పుడు గార్డ్‌ను గుద్దుతుందేమో తెలియాలంటే గోధుమపిండి ముద్దను గార్డ్ లోపలివైపు అంటించి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును గట్టిగా నొక్కండి. ముద్ద నలిగిందంటే దూరం చాలదు. నొక్కితే ఫోర్కు పూర్తిగా దిగదు కాబట్టి, ముద్ద దాకా రాకపోయినా ఇంకో రెండు వేళ్ల సందు ఉండాలి.

సైలెన్సర్ పైపుకు, గార్డ్‌కు మధ్య కనీసం 10–15 మి.మీ. వదలాలి. దగ్గరుంటే పౌడర్ కోటింగ్ కాలి కమురు వాసన వస్తుంది. రేడియేటర్ ముందు అడ్డుగా ప్లేటు ఉంటే తీసేయండి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో జడ్చర్ల ట్రాఫిక్‌లో నిలబడితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, దానికి గాలి కావాలి. ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు దగ్గరికి పానా పోతుందో లేదో కూడా ఇప్పుడే చూడండి.

బిగించిన వారానికే వదులైంది. ఎందుకు?

బోల్టు తల కింద పౌడర్ కోటింగ్ ఉండటం వల్ల. ఆ పొర వేడికి, ఒత్తిడికి నలిగి పల్చబడుతుంది, బిగి పోతుంది. బోల్టు, వాషరు ఆనే చోట కోటింగును లోహం కనపడేదాకా గీకి బిగించండి, ఆ తర్వాత బయటి అంచుకు పల్చగా గ్రీజు రాయండి. ఆ గ్రీజును బోల్టు తల కిందికి గానీ, చూడీల్లోకి గానీ పోనివ్వొద్దు. తర్వాత 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి టార్క్ సరిచూడండి. ప్రతి బోల్టు తల నుంచి ప్లేటు మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీస్తే, ఏది తిరిగిందో పొద్దున టీ తాగుతూనే కనిపెట్టొచ్చు.

ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకుంటే చవక కదా?

చవకే. కానీ వాళ్ల దగ్గరుండేది ఎక్కువగా నీళ్ల జీఐ పైపు, గేట్లకు వాడే పల్చటి పైపు. వంచే మిషను లేక వేడి చేసి వంచుతారు, అక్కడ మెత్తబడుతుంది. జీఐ మీద వెల్డింగ్ చేస్తే జింకు పొగ వస్తుంది, అతుకూ సరిగ్గా పడదు. పగిలిన గార్డ్‌ను అతికించడానికి వాళ్లే దిక్కు, అందులో తప్పు లేదు. అప్పుడు కూడా గార్డ్‌ను విప్పి తీసుకెళ్లండి. బండి మీద ఉంచి వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు ఈసీయూను (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటరును) కాల్చేయొచ్చు.

గార్డ్‌కు ఫాగ్ లైట్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. రిలే, ఫ్యూజు తప్పనిసరి, హెడ్‌లైట్ వైరుకు నేరుగా కలపొద్దు. లైటును గార్డ్ బయటి అంచుకు కాకుండా లోపలివైపు బిగించండి. అంచున ఉంటే మొదట నేలకు తగిలేది అదే.

పోలీసులు, ఆర్టీఓ, ఇన్సూరెన్స్ వాళ్లతో ఇబ్బంది ఉంటుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ఆ ఒత్తిడి ఎక్కువగా కార్ల మీదే పడింది, అయినా బైకులకు పూర్తి మినహాయింపు ఉందనుకోవద్దు. బండి కంపెనీ తానే యాక్సెసరీగా అమ్మే గార్డ్ ఉంటే, బిల్లుతో సహా అదే అన్నిటికంటే సేఫ్. బయటిది పెడితే హ్యాండిల్ వెడల్పు దాటొద్దు, పదును అంచులు వద్దు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు కనపడాలి.

ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో బిల్లు చూపి, విద్యుత్ సంబంధం లేని యాక్సెసరీగా రాయించుకోండి. రాయించకపోతే గార్డ్ ఖర్చు క్లెయిమ్‌లో రాదు. వారంటీ ఉండగా ఇంజిన్ బోల్టులు మార్చాలంటే ముందు షోరూంలో అడిగి జాబ్‌కార్డు మీద రాయించుకోవడం మేలు.

ఒకసారి పడింది, గార్డ్ కొంచెం వంగింది. అట్లాగే నడపొచ్చా?

ఇంటికి రావడానికి నడపొచ్చు. వచ్చాక గార్డ్ విప్పండి. వెల్డింగ్ అంచుల వెంట కోటింగు వెంట్రుకలా చీలి ఉందేమో టార్చ్ లైటు వేసి చూడండి. ఇంజిన్ బోల్టు తీసి గాజు పలక మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంగినట్టే, అదే గ్రేడు కొత్తది కొనండి. బోల్టు పోయే చోట ఇంజిన్ కేసు చుట్టూ తుడిచి, రెండు రోజులు నడిపి మళ్లీ చూడండి. అక్కడ ఆయిల్ తడి కనిపిస్తే చీలిక ఉంది. గార్డ్ పైపు ఒక వేలు మందం వరకు వంగి, ఎక్కడా మడతపడకపోతే చల్లగానే నెట్టి సరిచేయించుకోవచ్చు. మడతపడితే పాత ఇనుముకు వేయండి. రెండోసారి అది ఏమీ మోయదు.